మక్కికి మక్కి దించితే కోడ్ కూడా ఒప్పుకోదు

ఈ సెమిస్టర్ ఎలక్టివ్ ఫీడ్‌బ్యాక్‌లో మా క్లాసులో ఎక్కువమంది రాసిన సూచన ఒకటే: ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో చివరి అసైన్‌మెంట్ తీసేయండి అని. ఆ అసైన్‌మెంట్ ఏంటంటే, హాస్కెల్‌లో మనమే రాసుకున్న ఒక ప్రోగ్రామ్‌ని ఓకామెల్‌లోకి మార్చి, రెండూ ఒకేలా పనిచేస్తాయని చూపించడం. తీసేయమనడానికి కారణం కూడా మొహమాటం లేకుండా చెప్పారు. "ఏఐకి ఇస్తే రెండు నిమిషాల్లో మార్చి ఇస్తుంది, దానికి మనం రెండు వారాలు ఎందుకు కూర్చోవాలి?"

నేను దీనికి ఒప్పుకోను. కోర్సు మొత్తంలో ఒక్క అసైన్‌మెంటే ఉంచుతాం, ఏది కావాలో చెప్పమంటే నేను దీన్నే ఉంచమంటాను. కాకపోతే ఇప్పుడున్న పద్ధతిలో మాత్రం కాదు. ఎందుకో చెప్తాను. కోడ్ ఒక్క లైను కూడా పెట్టడం లేదు కాబట్టి సివిల్, మెకానికల్ వాళ్లు కూడా భయపడకుండా చదవచ్చు. అసలు ఇది సాహితీ క్లబ్ పత్రికలోనే రావాల్సిన వ్యాసం. ఎందుకంటే విషయం అనువాదం గురించి.

ముందు ఈ రెండు భాషల పరిచయం. హాస్కెల్, ఓకామెల్ రెండూ ఫంక్షనల్ భాషలే. సీ లో లాగా మెమరీలో ఒక విలువ పెట్టి, కాసేపాగి దాన్ని మార్చి, మళ్లీ మార్చి పని జరిపించుకోవడం వీటి పద్ధతి కాదు. లెక్కల్లో ఫంక్షన్ రాసినట్టు, ఈ ఇన్‌పుట్‌కి ఈ అవుట్‌పుట్ అని నిర్వచించుకుంటూ పోతాం. చుట్టరికం కూడా దగ్గరిదే. 1970ల్లో ఎడిన్‌బరాలో రాబిన్ మిల్నర్ బృందం, సిద్ధాంతాలను కంప్యూటర్ సాయంతో నిరూపించే ఎల్‌సీఎఫ్ అనే సిస్టమ్ కోసం ఎంఎల్ అనే భాషని తయారుచేసింది. ఆ వంశంలోనే ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థలో కామెల్ పుట్టింది, 1996లో అది ఓకామెల్‌గా ఎదిగింది. హాస్కెల్ కథ కొంచెం వేరు. 1980ల్లో పరిశోధకులు ఎవరికి వాళ్లు లేజీ భాషలు తయారుచేసుకుంటూ ఉంటే, అందరికీ ఉమ్మడిగా ఒకటి ఉండాలని 1987లో పోర్ట్‌లాండ్‌లో జరిగిన ఒక సదస్సులో అనుకున్నారు. 1990లో మొదటి హాస్కెల్ రిపోర్ట్ బయటికొచ్చింది. టైపుల పద్ధతికి మాత్రం దానికీ మూలం ఎంఎలే.

అందుకే పైకి అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి. లిస్టులు అవే, ప్యాటర్న్ మ్యాచింగ్ అదే, మనం టైపులు రాయకపోయినా కంపైలరే కనిపెట్టే సౌకర్యం రెండింటిలోనూ ఉంది. తెలుగు, కన్నడ లిపులని పక్కపక్కన చూసినట్టు ఉంటుంది. ఆ పోలిక చూసి కన్నడ పేపర్ గడగడా చదివేయొచ్చు అనుకుంటే ఏమవుతుందో, బెంగళూరు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లొచ్చిన సీనియర్లని అడగండి.

లిపి మార్చడం వేరు

అన్ని మార్పిడులూ కష్టమేనని నేను అనడం లేదు. ఓకామెల్‌కే రీజన్ అనే ఇంకో వేషం ఉంది. జావాస్క్రిప్ట్ అలవాటైన వాళ్లకి కళ్లకి ఇబ్బంది లేకుండా, బ్రాకెట్లు వాళ్లకి తెలిసిన పద్ధతిలో పెట్టి తయారుచేసిన సింటాక్స్ అది. రీఎఫ్‌ఎమ్‌టీ అనే టూల్‌కి ఓకామెల్ ఫైల్ ఇస్తే రీజన్ ఫైల్ ఇస్తుంది, రీజన్ ఇస్తే ఓకామెల్ ఇస్తుంది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. అర్థం చెడదు. ఎందుకంటే లోపల ఉన్నది ఒకే భాష, బట్టలే వేరు. వాట్సాప్‌లో మనం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తాం కదా, అలాంటిదే. దాన్ని మళ్లీ తెలుగు లిపిలోకి మార్చడానికి అనువాదకుడు అక్కర్లేదు.

ఇలాంటి పని మనిషి చేత చేయిస్తే అది శిక్షే. అది పూర్తిగా మెషీన్‌కి వదిలేయాలి. మన అసైన్‌మెంట్ కూడా ఇలాంటిదే అయితే మొదట తీసేయమనేది నేనే. కానీ హాస్కెల్ నుంచి ఓకామెల్‌కి వచ్చేటప్పుడు మారేది లిపి ఒక్కటే కాదు. రెండు భాషల స్వభావాలే వేరు.

స్వభావం తేడా ఎక్కడ బయటపడుతుంది

అసైన్‌మెంట్‌కి నేను తీసుకున్నది ఛందస్సు ప్రోగ్రామ్. పద్యం ఇస్తే ప్రతి అక్షరం గురువో లఘువో గుర్తించి, గణాలు కట్టి, ఉత్పలమాలో చంపకమాలో చెప్పాలి. గురులఘువుల సూత్రం స్కూల్లో చదువుకున్నదే. దీర్ఘమైతే గురువు. సున్నా, విసర్గ ఉంటే గురువు. పక్కన సంయుక్తాక్షరం వస్తే ముందున్న అక్షరం హ్రస్వమైనా గురువే. "సత్యము"లో "స" హ్రస్వమే, కానీ పక్కన "త్య" ఉంది కాబట్టి గురువు అయింది. తర్వాతి రెండూ లఘువులు, మొత్తం భగణం. అంటే ఏ అక్షరం సంగతి తేల్చాలన్నా దాని పక్కింటివాళ్లని కూడా చూడాలి.

హాస్కెల్‌లో దీనికి అందరూ వాడే చిట్కా ఒకటుంది. అక్షరాల లిస్టు ఒకటి, మొదటి అక్షరం తీసేసిన అదే లిస్టు ఇంకొకటి, ఈ రెండింటినీ జిప్ చేయడం. అప్పుడు ప్రతి అక్షరం పక్కన దాని తర్వాతి అక్షరం వచ్చి కూర్చుంటుంది. చివరి అక్షరానికి జంట ఉండదు కాబట్టి రెండో లిస్టు చివర ఒక ఖాళీ గుర్తు అతికిస్తాం. ఒక్క లైనులో పని అయిపోతుంది.

దీన్ని ఓకామెల్‌లోకి మాటకి మాట దించొచ్చు. మొదటి అక్షరం తీసేసే ఫంక్షన్ అక్కడా ఉంది, జంటలు కట్టే ఫంక్షన్ కూడా ఉంది. దించితే కంపైల్ అవుతుంది, టైపులు సరిపోతాయి, పద్యం ఇస్తే సరైన జవాబే వస్తుంది. ఫైల్‌లో రెండు పద్యాల మధ్య ఖాళీ లైను ఉందనుకోండి, అక్కడ ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఖాళీ లిస్టులోంచి మొదటిది తీసేయమంటే ఓకామెల్ ఎక్సెప్షన్ విసురుతుంది.

మరి హాస్కెల్‌లో అదే లైను ఎందుకు ఆగలేదు? ఖాళీ లిస్టులోంచి మొదటిది తీయమనడం హాస్కెల్‌లోనూ తప్పే. కానీ అక్కడ జిప్ మొదటి లిస్టు చూస్తుంది, అది ఖాళీ అని తెలియగానే జవాబు ఖాళీ అని చెప్పేస్తుంది. రెండో లిస్టు వైపు తిరిగి కూడా చూడదు. చూడలేదు కాబట్టి అక్కడున్న తప్పు ఎప్పటికీ బయటపడదు.

దీన్నే లేజీ పద్ధతి అంటారు. మా క్యాంటీన్‌లో దోశ కౌంటర్ లాంటిది. టోకెన్ చూపిస్తేనే దోశ వేస్తారు, ఎవరూ అడక్కపోతే పిండి పిండిగానే ఉంటుంది. ఓకామెల్ హాస్టల్ మెస్ లాంటిది. మీరు తిన్నా తినకపోయినా ఎనిమిదింటికల్లా వండి పెట్టేస్తారు. పప్పు మాడితే మీరు వడ్డించుకోకముందే మాడింది. ఫంక్షన్‌కి ఇచ్చే విలువలన్నీ ముందే లెక్కకట్టేసి, తర్వాతే ఫంక్షన్‌లోకి అడుగుపెట్టడం ఓకామెల్ అలవాటు.

ఇప్పుడు అసలు ప్రశ్న. "ఖాళీ లైను వస్తే ఖాళీ జవాబు ఇస్తాను" అనే మాట హాస్కెల్ ప్రోగ్రామ్‌లో ఎక్కడ రాసి ఉంది? ఎక్కడా లేదు. భాష స్వభావంలో దాక్కుని ఉంది. కోడ్‌ని మాత్రమే చూసి దించేవాడికి అది కనపడదు. ప్రోగ్రామ్ ఏం హామీ ఇస్తోందో చదివినవాడికే కనపడుతుంది. అలా చదివినవాడు ఓకామెల్‌లో ఆ చిట్కాని పట్టుకుని వేలాడడు. పక్కపక్కన రెండు అక్షరాలుంటే ఇలా, ఒక్కటే మిగిలితే ఇలా, ఏమీ లేకపోతే ఇలా అని మూడు కేసులు విడివిడిగా రాసుకుంటాడు. హాస్కెల్ లైనుతో పోలిస్తే రూపం మారింది, అర్థం నిలబడింది. సంస్కృత భారతాన్ని నన్నయ తెలుగు చేసినప్పుడు శ్లోకానికో పద్యం చొప్పున దించలేదు కదా. పద్యం, గద్యం కలిపిన చంపూ రూపంలో, తెలుగు వినేవాళ్లకి తగ్గట్టు మళ్లీ చెప్పాడు. మన స్థాయి అది కాదు, కానీ దారి అదే.

లేజీతనం అలంకారం కాదు

"ఇదంతా ఖాళీ లిస్టు గొడవే కదా, ఒక ఇఫ్ పెడితే పోతుంది" అని మా రూమ్మేట్ అన్నాడు. అంతటితో పోదు. జాన్ హ్యూస్ 1989లో అచ్చైన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ ఎందుకు ముఖ్యమో చెబుతూ, చిన్న చిన్న ప్రోగ్రామ్ ముక్కల్ని అతికించే జిగురుగా లేజీ పద్ధతిని చూపించాడు. అంతులేని లిస్టు ఒక ముక్క తయారుచేస్తుంది, ఎంత కావాలో ఇంకో ముక్క తీసుకుంటుంది. హాస్కెల్‌లో ప్రోగ్రామ్‌ని ఎలా ముక్కలు చేసుకోవాలి అన్నదే ఈ జిగురు మీద ఆధారపడి ఉంటుంది. జిగురు లేని భాషలోకి ఆ ముక్కల్ని అలాగే తెస్తే అతుక్కోవు.

ఓకామెల్‌లో కూడా అడిగినప్పుడే విలువ ఇచ్చే సీక్ అనే ఏర్పాటు ఉంది. అంతులేని వరసలు దానితో రాయొచ్చు. కానీ హాస్కెల్ లిస్టులో ఒకసారి లెక్కకట్టిన విలువ అలాగే ఉండిపోతుంది, మళ్లీ అడిగితే దాన్నే ఇస్తుంది. సీక్ మామూలుగా అలా గుర్తుపెట్టుకోదు. రెండోసారి తిరిగితే మొత్తం మళ్లీ లెక్కకడుతుంది. గుర్తుపెట్టుకోమని మనం విడిగా చెప్పాలి. చెప్పకపోతే జవాబు సరైనదే వస్తుంది, టైమ్ మాత్రం రెట్టింపు అవుతుంది, ఒక్కోసారి అంతకన్నా ఘోరంగా పెరుగుతుంది.

క్రిస్ ఒకాసాకి 1998లో తెచ్చిన డేటా స్ట్రక్చర్ల పుస్తకం ఈ విషయానికి మంచి సాక్ష్యం. అందులో కోడ్ స్టాండర్డ్ ఎంఎల్‌లో ఉంటుంది. అది ఓకామెల్ లాగే ముందే వండిపెట్టే భాష. అందుకని ఎక్కడ లేజీగా ఉండాలో అక్కడ ఆయన డాలర్ గుర్తుతో ఒక ప్రత్యేక సంకేతం పెట్టాడు. పుస్తకం చివర హాస్కెల్ వెర్షన్లు కూడా ఇచ్చాడు. హాస్కెల్‌లో అన్నీ లేజీయే కాబట్టి ఆ గుర్తులతో పనిలేదు. ఇప్పుడు ఎవరైనా ఆ హాస్కెల్ వెర్షన్ పట్టుకుని ఓకామెల్‌లోకి వస్తే, గుర్తు మళ్లీ ఎక్కడ పెట్టాలో వాళ్లే తేల్చుకోవాలి. ఆయన చూపించిన లేజీ క్యూల ఖర్చు లెక్కలు ఆ గుర్తు మీదే నిలబడ్డాయి. గుర్తు పెట్టకపోయినా క్యూ సరిగ్గానే పనిచేస్తుంది. ఎంత సమయం పడుతుంది అనే హామీ ఒక్కటే చడీచప్పుడు లేకుండా పోతుంది.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే కథ. లిస్టులో అంకెలన్నీ కూడాలంటే ఓకామెల్‌లో ఎడమ నుంచి మడిచే ఫోల్డ్ వాడమని ఎవరైనా చెప్తారు, అదే మంచి పద్ధతి. అదే పేరుతో హాస్కెల్‌లోకి తెస్తే, కూడిక వెంటనే జరగకుండా "తర్వాత కూడతాను" అనే వాగ్దానాలు మెమరీలో గుట్టగా పేరుకుపోవచ్చు. అందుకే హాస్కెల్‌లో దానికే వెంటనే లెక్కకట్టే ఇంకో రకం ఉంది. పేరు ఒకటే కదా అని దించితే సరిపోదు.

మనమా, మేమా?

అనువాదం చేసినవాళ్లకి బాగా తెలిసిన చిక్కు ఒకటుంది. ఇంగ్లీషులో "వుయ్" అంటారు. తెలుగులోకి తెచ్చేటప్పుడు మీరు ఆగి ఆలోచించాలి. వినేవాడు కూడా అందులో ఉన్నాడా? ఉంటే మనం, లేకపోతే మేము. ఇంగ్లీషు చెప్పకుండా దాటేసిన విషయాన్ని తెలుగు అడిగి మరీ చెప్పిస్తుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్తే తిరగబడుతుంది. వచ్చాడు, వచ్చారు అనే రెండు మాటలకీ అక్కడ ఒకే మాట, మర్యాద జారిపోతుంది.

ప్రోగ్రామింగ్ భాషలు కూడా ఇంతే. ఓకామెల్‌లో ఒక ఫంక్షన్ లెక్క చేస్తూ చేస్తూ మధ్యలో స్క్రీన్ మీద ఏదైనా ప్రింట్ చేయొచ్చు, ఫైల్‌లో రాయొచ్చు. టైపు చూస్తే అది తెలియదు. హాస్కెల్‌లో బయటి ప్రపంచంతో పనిపడితే ఆ సంగతి టైపులోనే రాసి తీరాలి. కాబట్టి ఓకామెల్ నుంచి హాస్కెల్‌కి వెళ్లేవాడు ప్రతి ఫంక్షన్ దగ్గరా ఆగి, ఇది శుద్ధంగా లెక్క చేసేదా, బయట ఏదైనా మార్చేదా అని తేల్చుకోవాల్సిందే. అది అచ్చంగా మనం, మేము ప్రశ్నే.

హాస్కెల్ నుంచి ఓకామెల్‌కి వస్తే దాపరికం ఇంకోచోట ఉంటుంది. హాస్కెల్‌లో ఒక సెట్‌లో విలువలు వేస్తే, వాటిని ఎలా పోల్చాలో టైపు చూసి కంపైలరే వెతుక్కుంటుంది. దాన్ని టైప్ క్లాస్ అంటారు. ఓకామెల్‌లో అవి లేవు. ఎలా పోల్చాలో చెప్పే మాడ్యూల్‌ని మనమే చేతిలో పెట్టాలి. హాస్కెల్‌లో రెండు ఫంక్షన్లు సమానమా అని అడిగితే మామూలుగా కంపైలరే ఒప్పుకోదు. ఓకామెల్‌లో మామూలు సమానత్వం గుర్తు దేనికైనా పెట్టొచ్చు. ఫంక్షన్లకి పెడితే కంపైల్ అవుతుంది, రన్ చేసినప్పుడు ఎక్సెప్షన్ రావచ్చు. ఒక భాష గుమ్మం దగ్గరే ఆపే తప్పుని ఇంకో భాష ఇంట్లోకి రానిస్తుంది. అప్పుడు కాపలా మనం కాయాలి.

అంకెలు, అక్షరాలు

ఇంత పెద్ద విషయాలే కానక్కర్లేదు. మామూలు పూర్ణాంకం చూడండి. 64 బిట్ల మెషీన్ మీద ఓకామెల్ పూర్ణాంకం 63 బిట్లు. మిగిలిన ఒక బిట్ రన్‌టైమ్ తన గుర్తు కోసం వాడుకుంటుంది. ఎఫ్ షార్ప్ అనేది మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఓకామెల్‌ని చూసి డాట్‌నెట్ కోసం తయారుచేసిన భాష. చాలా ప్రోగ్రామ్‌లు దాదాపు అలాగే అటు నడుస్తాయి. కానీ అక్కడ మామూలు పూర్ణాంకం 32 బిట్లు. 13 ఫాక్టోరియల్ అసలు విలువ 6227020800. ఓకామెల్ అదే చెప్తుంది. అదే ఫంక్షన్‌ని ఏమీ మార్చకుండా ఎఫ్ షార్ప్‌లో పెడితే 1932053504 వస్తుంది. ఎర్రర్ లేదు, మైనస్ కూడా రాలేదు. చూడ్డానికి నికార్సైన జవాబులా ఉంటుంది. 12 వరకు టెస్ట్ చేసి ఆపేసినవాడికి రెండూ సమానమే.

ఇది ల్యాబ్‌లో మాత్రమే ఎదురయ్యే సంగతి అనుకోకండి. డార్క్ అనే కంపెనీ తమ బ్యాకెండ్‌ని ఓకామెల్ నుంచి ఎఫ్ షార్ప్‌కి మారుస్తున్నామని 2020లో ప్రకటించింది. లైబ్రరీల కొరత వాళ్లు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. భాష మీద ప్రేమ ఉన్నా బతుకుతెరువు కోసం ఊరు మారినట్టు, ఇలాంటి మార్పిడులు నిజంగా జరుగుతూనే ఉంటాయి.

అక్షరాల సంగతి మనకి ఇంకా దగ్గరిది. "తెలుగు" అనే మాట పొడవెంత అని అడిగితే మనం మూడు అక్షరాలు అంటాం. హాస్కెల్ ఆరు అంటుంది, ఎందుకంటే ఎత్వం, కొమ్ముల్ని కూడా విడి యూనికోడ్ గుర్తులుగా లెక్కపెడుతుంది. ఓకామెల్ పద్దెనిమిది అంటుంది, ఎందుకంటే దానికి స్ట్రింగ్ అంటే బైట్ల వరస, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. ఇప్పుడు "స్త్రీ" చూడండి. హాస్కెల్‌కి అదీ ఆరే, ఓకామెల్‌కి అదీ పద్దెనిమిదే. మనకి మాత్రం ఒక్క అక్షరం. ఛందస్సుకి కావాల్సింది మన లెక్క. ఆ లెక్క రెండు భాషల్లో ఏదీ దానంతట అది ఇవ్వదు. హాస్కెల్ కోడ్‌లో గుర్తుల లిస్టు మీద రాసుకున్న సూత్రాన్ని ఓకామెల్‌లో స్ట్రింగ్ మీద అలాగే దించితే, గురువు లఘువుల బదులు బైట్లకి గణాలు కడుతుంది. ఇంగ్లీషు మాటలతో టెస్ట్ చేస్తే తేడా అస్సలు తెలియదు, అక్కడ అక్షరం, గుర్తు, బైట్ మూడూ ఒకటే. తెలుగువాడు తెలుగుతో పరీక్ష పెడితేనే తెలుస్తుంది.

మెషీన్ చేస్తే తప్పా?

తప్పు కాదు. మెషీన్‌తో నమ్మకంగా మార్చిన ఉదాహరణలు ఉన్నాయి. జేవియర్ లెరోయ్ బృందం తయారుచేసిన కాంప్‌సర్ట్ అనే సీ కంపైలర్‌ని కాక్ అనే భాషలో రాశారు. ఇప్పుడు దాని పేరు రాక్. అది తప్పు చేయదని అక్కడే నిరూపించి, ఆ తర్వాత దాన్ని ఆటోమేటిక్‌గా ఓకామెల్ కోడ్‌గా బయటికి తీశారు. ఇది కూడా ఒక ఫంక్షనల్ భాష నుంచి ఇంకో దానికి మార్పిడే. కానీ తేడా గమనించండి. అక్కడ ప్రోగ్రామ్ ఏం హామీ ఇస్తుందో మనుషులు ముందే అక్షరం పొల్లు పోకుండా రాశారు. మార్చే పని మాత్రమే మెషీన్‌కి ఇచ్చారు.

అంత కట్టుదిట్టమైన చోట కూడా మనిషి జాగ్రత్త పడాల్సిన జాగా ఉంది. కాక్‌లో సహజసంఖ్యలకి హద్దు లేదు, కానీ నెమ్మది. వేగం కోసం వాటిని ఓకామెల్ మామూలు పూర్ణాంకాలుగా మార్చుకునే వీలు ఇచ్చారు. అలా మార్చుకుంటే హద్దు దాటే ప్రమాదం మీదే అని హెచ్చరిక కూడా పెట్టారు. నిరూపణ ఉన్నది హద్దులేని సంఖ్యలకి. నడిచేది హద్దున్న సంఖ్యలతో.

మనవాళ్లు అనే ఇంకో మాట, "ఏఐ రోజురోజుకీ మెరుగవుతోంది, లేజీ తేడాలు కూడా చూసుకోమని చెప్తే చూసుకుంటుంది." నిజమే, చూసుకుంటుంది. చెప్తే. చెప్పాలంటే ముందు మనకి తెలియాలి కదా. ఖాళీ లైను సంగతి, బైట్ల సంగతి, 63 బిట్ల సంగతి తెలిసినవాడు టూల్‌ని వాడుకుంటాడు. తెలియనివాడు టూల్ ఏమిస్తే అది అప్‌లోడ్ చేస్తాడు. ఇద్దరి రికార్డూ పైకి ఒకేలా ఉంటుంది, మార్కులు కూడా ఒకేలా పడతాయి. నాకు అభ్యంతరం అక్కడే.

"హాస్కెల్‌కి ప్లేస్‌మెంట్స్ ఎక్కడున్నాయి?" అనే ప్రశ్న కూడా ఉంది. మన క్యాంపస్‌లో దానికోసం వచ్చే కంపెనీ నాకైతే కనపడలేదు. కానీ ఉద్యోగంలో చేరాక మనలో చాలామంది చేతికి వచ్చేది కొత్త కోడ్ కాదు. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన కోడ్. దాన్ని ఇంకో భాషలోకో, ఇంకో వెర్షన్‌లోకో మార్చమంటారు. రాసినవాడు పక్కన ఉండడు. అతను ఏ హామీ ఇచ్చాడో, అందులో ఏది కావాలని ఇచ్చాడో, ఏది భాష పుణ్యమా అని వచ్చిందో కోడ్ చదివి కనిపెట్టాలి. ఈ అసైన్‌మెంట్ నేర్పేది ఆ చదువుని. మన సిలబస్‌లో కోడ్ రాయడానికి బోలెడు ల్యాబులున్నాయి, చదవడానికి ఉన్నది ఇదొక్కటే.

ఎలా ఉంచాలి

అందుకే నా ప్రతిపాదన ఇది. మార్పిడికి ఏఐ వాడుకోనివ్వండి, దాచుకోవాల్సిన పని లేకుండా. దానికి ముందు ఒక పేజీ రాయించండి: నా ప్రోగ్రామ్ ఏం హామీ ఇస్తుంది? ఖాళీ ఇన్‌పుట్ ఇస్తే ఏం చేస్తుంది? అంతులేనిది ఇస్తే? పెద్ద సంఖ్య వస్తే? తెలుగు అక్షరం వస్తే? ఒకే విలువ రెండుసార్లు అడిగితే రెండుసార్లు లెక్కకడుతుందా? ఆ పేజీ తెలుగులో రాసినా తీసుకోండి. ఇంగ్లీషులో కాపీ కొట్టడం సులువు, సొంత భాషలో చెప్పాలంటే అర్థం కావాలి.

తర్వాత ఆ పేజీని పక్క టీమ్‌కి ఇవ్వండి. వాళ్లు కోడ్ చూడకుండా, ఆ హామీల మీద మాత్రమే టెస్టులు రాసి, మార్చిన ప్రోగ్రామ్‌ని పడగొట్టే ప్రయత్నం చేయాలి. మార్కులు కోడ్‌కి తక్కువ, పేజీకి ఎక్కువ, పడగొట్టినవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ. వైవాలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: "మూలంలో రాయకుండానే ఉన్న ఏ విషయాన్ని నువ్వు ఇక్కడ రాయాల్సి వచ్చింది?" దీనికి జవాబు చెప్పగలిగినవాడు మార్పిడి చేసినట్టే, టైప్ చేసింది ఎవరైనా సరే.

రెండు వారాలు ఎక్కువ అనిపిస్తే ఒక వారం చేయండి. ప్రోగ్రామ్ చిన్నది చేయండి. అసైన్‌మెంట్ మాత్రం తీసేయొద్దు. ఫీడ్‌బ్యాక్ ఫారమ్ ఈ నెలాఖరు వరకు తెరిచే ఉంటుందట. ఇప్పటికే తీసేయమని రాసినవాళ్లు కూడా మార్చుకోవచ్చు. ఛందస్సు ప్రోగ్రామ్ ఓకామెల్ వెర్షన్‌ని క్లబ్ ఫోల్డర్‌లో పెట్టాను, హామీల పేజీతో సహా. ఎఫ్ షార్ప్‌లోకి ఎవరైనా మారుస్తామంటే సంతోషం. ముందు ఆ పేజీ చదవండి, తర్వాత మీ పద్యాలతో దాన్ని పడగొట్టి చూడండి.